కూర్చుంటే లేచే ఓడ

సరుకుని నిలబడి చూడాలి. మా నాన్న నాకు నేర్పిన మొదటి లెక్క ఇదే. కూర్చున్నవాడికి నడుం సుఖపడుతుంది, నడుం సుఖపడితే మనసు మెత్తబడుతుంది, మనసు మెత్తబడ్డవాడు కొనేస్తాడు. అందుకే మా కొట్లో కొనడానికి వచ్చేవాళ్ళకి మెత్తటి కుర్చీలు నాలుగు ఉన్నాయి గానీ నాకు ఒక్కటీ లేదు. నలభై ఏళ్ళుగా నిలబడే కొన్నాను, నిలబడే బేరమాడాను. మోకాళ్ళు అరిగాయి గానీ వ్యాపారం అరగలేదు.

పాత కాగితం మా సరుకు. పటాలు, అచ్చు బొమ్మలు, పూర్వం పిల్లలాడుకున్న అట్ట ఆటలు. కొట్లో ముగ్గురం. కొనడం నాది, అమ్మడం నా బావమరిదిది, కాగితానికి వైద్యం మా మేనత్తది. చిరిగింది అతకడం, ముడత దించడం, మరక తీయడం, అవసరమైతే కోయడం, అన్నీ ఆవిడే. డెబ్భై నాలుగేళ్ళు. బల్ల మీదకి వంగి వంగి నడుం కొడవలైపోయింది. ఈ నాలుగైదేళ్ళుగా పొట్టి పీట మీద కూర్చుని, గడ్డం బల్ల అంచుకి ఆనించి పని చేస్తుంది. బావమరిది ఇవాళ్టి పని నిన్న అయిపోవాలనే రకం. అందుకని అత్త వాడికి తొందరయ్య అని పేరు పెట్టింది. ఇప్పుడు వాడి అసలు పేరు మా ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ ఆట బోర్డు ఒక పళ్ళ డాక్టరు ఇంట్లో దొరికింది. ఆయన వైద్యం మానేసి ఇల్లు ఖాళీ చేస్తుంటే, రోగులు కూర్చునే గదిలో బీరువా అడుగున ఉంది. పంటి నొప్పితో ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళు ఆడుకున్నారో ఏమో. నాలుగు అట్టలు, వెనక గుడ్డతో కలిపి అతికించినవి. విప్పితే మూరన్నర చదరం. బయటి మూలలో మొదలై లోపలికి చుట్లు తిరుగుతూ పోయే దారి, దారిలో అరవై మూడు గళ్ళు, గడికో బొమ్మ. పాచిక వేసి పావు నడుపుకుంటూ నడిమికి చేరినవాడు గెలిచినట్టు. రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, చేత్తో రంగులు వేసిన పని.

నిలబడి చూశాను. చేసినవాడు గడుసువాడు. రంగులు మూడే కొన్నాడు: ఎరుపు, నీలం, పసుపు. ఆకుపచ్చ కావలసిన చోట నీలం మీద పసుపు తోశాడు. ఊదాకి నీలం మీద ఎరుపు పల్చగా పూశాడు. మూడు కొని ఏడు అమ్మిన మనిషంటే నాకు గౌరవం. చిక్కటి ఎరుపు తొమ్మిది గళ్ళలోనే వాడాడు. అవి ఆడేవాడికి దెబ్బ తగిలే గళ్ళు: కూలిన వంతెన, జైలు, నూతిలో పడ్డవాడు. గదికి ఆ చివర నుంచున్నా ఎక్కడ నష్టముందో తెలిసిపోతుంది.

బొమ్మలు బొటనవేలంత. అయినా దేన్నీ వదల్లేదు. పద్దెనిమిదో గడిలో ఇంటికప్పు మీద పిల్లి. దాని తోక గీత దాటి పంతొమ్మిదో గడిలోకి వేలాడుతుంది. అక్కడ గంట కొట్టేవాడు దాన్ని తాడనుకుని రెండు చేతులా లాగుతున్నాడు. మళ్ళీ పద్దెనిమిదికి వెళ్ళి చూస్తే, పిల్లి నోరెందుకు తెరిచిందో అప్పుడు అర్థమవుతుంది. ఇరవయ్యో గడిలో జనం చెవుల దగ్గర చేతులు పెట్టుకుని గంట కోసం ఎదురు చూస్తున్నారు.

లోపాలు కూడా రాసుకున్నాను, బేరానికి అవే ఆయుధాలు కదా. ఒకటి, నాలుగు అంచులూ సరిగ్గా మధ్యలో అరచేతి వెడల్పున మాసి నున్నబడ్డాయి. ఒక అంచు మరీను, అక్కడ అట్ట పొరలు బయటపడ్డాయి. రెండు, ఆఖరిదైన అరవై మూడో గడికి చుట్టూ గీత ఒకచోట కలవలేదు, గింజంత ఖాళీ ఉంది. మూడు, నడిమి భాగం. అన్ని గళ్ళు అంత బాగా చెక్కినవాడు నడిమికి వచ్చేసరికి చేతులెత్తేసినట్టున్నాడు. జానెడు పొడుగు చారలు నాలుగు, నాలుగు అంచుల వైపుకీ ఒక్కొక్కటి. ఏవో బొమ్మల్ని తడిబట్టలా రెండు కొసలూ పట్టుకుని లాగినట్టున్నాయి. ఇంటికెళ్ళే వేళకి హడావిడిగా ముగించాడనుకున్నాను. లోపాలు మూడూ చూపించి బోర్డు తెచ్చుకున్నాను.

ఆ వారమే లాడ్జీ ఆయన వచ్చాడు. కొత్త లాడ్జీ, నలభై ఎనిమిది గదులు, గదికో పాత బొమ్మ కావాలి. ఫ్రేములు ముందే చేయించి గోడలకి తగిలించేశాడు, ఖాళీగా. తొందరయ్య నన్ను అడక్కుండానే మాట ఇచ్చేశాడు.

"గళ్ళు అరవై మూడు బావా. గదులు నలభై ఎనిమిది. పదిహేను మనకే మిగులుతాయి. గురువారానికి ఇస్తామన్నాను."

నేను కాదనలేదు. కోత మా వ్యాపారంలో కొత్త కాదు. పూర్తి బోర్డు కొనేవాడు ఏడాదికి ఒకడు వస్తాడో రాడో, చిన్న బొమ్మ కొనేవాడు రోజూ వస్తాడు. అప్పటికి పదకొండు బోర్డులు కోసి అమ్మాం. ఆఖరిది ఎనిమిదేళ్ళ కిందట, అత్త ఇంకా నిటారుగా నిలబడే రోజుల్లో. గళ్ళు సరుకు, నడిమి ముక్క తరుగు. ఆ తరుగు కూడా పారెయ్యం, ఫ్రేముల వెనక అట్టలుగా వాడేస్తాం.

"పిల్లి తోక తెగుతుంది కదరా," అన్నాను.

"తోక తెగిన పిల్లులు లోకంలో లేవా?" అన్నాడు తొందరయ్య.

సోమవారం పొద్దున అత్త పెద్ద కిటికీ కింద బల్ల మీద బోర్డు పరిచింది. ఇనప బద్ద, కత్తి పక్కన పెట్టుకుని పీట మీద కూర్చుంది. నేను వాకిట్లో కట్టలు విప్పుతున్నాను. కాసేపటికి కత్తి చప్పుడు వినిపించాలి. వినపడలేదు. టీ వచ్చింది, చల్లారింది. అయినా వినపడలేదు.

లోపలికి వెళ్ళాను. అత్త గడ్డం బల్ల అంచుకి ఆనించి, ఒక కన్ను మూసుకుని కదలకుండా ఉంది. ఒక్క క్షణం భయం వేసింది.

"అత్తా."

"బతికే ఉన్నాలే. దీన్ని కొయ్యమన్నది ఎవర్రా?"

"నేనే. ఏం, కత్తికి పదును లేదా?"

"కత్తికి ఉంది. నీకే లేదు. వచ్చి కూర్చో."

"చూశానుగా అత్తా, డాక్టరు గారింట్లోనే."

"నిలబడి చూశావు. అందుకే కూర్చోమంటున్నా."

కట్టలొచ్చిన చెక్కపెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. అత్త జరిగి చోటిచ్చింది. "గడ్డం ఇక్కడ పెట్టు. ఆ మాసిన చోట. ఇప్పుడు ఒక కన్ను మూయి."

పెట్టాను. మూశాను.

మొదట ఏమీ లేదు, కాగితం ఎదురుగా పొలంలా చదునుగా పరుచుకుంది. తరవాత నా వైపున్న చార కుదించుకోవడం మొదలెట్టింది. జానెడు పొడుగున్నది బెత్తెడైంది. అడ్డదిడ్డంగా ఉన్న గీతలు ఒకదాని పక్కకి ఒకటి జరిగి సర్దుకున్నాయి. కాగితంలోంచి ఓడ లేచింది.

లేచింది అనే అంటాను, ఇంకో మాట నాకు తెలీదు. మూడు తెరచాపలు గాలికి నిండి, తాళ్ళు బిగిసి, అంచున ఒకడు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తూ. దాని వెనక అటువైపు గళ్ళన్నీ ఆ వాలులో సన్నబడి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టై, కొండవాలు మీద ఊరైపోయాయి. ఇళ్ళ కప్పులు, వంతెన, మెట్లు. ఎర్రటి గళ్ళు ఆ ఊళ్ళో దీపాల్లా ఉన్నాయి. నేను ఊపిరి తీస్తే ఓడ కదిలినట్టు అనిపించింది. తల ఎత్తాను. చార. తల దించాను. ఓడ.

దేన్ని చూసినా నా బుర్రలో ఒక అంకె పడుతుంది. మనుషుల్ని చూసినా పడుతుంది, పెళ్ళిచూపుల్లో మా ఆవిణ్ణి చూసినప్పుడూ పడిందని నాకు బాగా గుర్తు. ఆ పొద్దున పడలేదు. కాసేపు ఎదురు చూశాను కూడా. రాలేదు.

"వాడు గోడ కోసం చెయ్యలేదురా," అంది అత్త. "కూర్చున్నవాడి కోసం చేశాడు. ఎవడు ఎక్కడ కూర్చుంటాడో, గడ్డం ఎక్కడ ఆనిస్తాడో లెక్క వేసుకుని గీశాడు."

నేను లోపం కింద రాసుకున్న మాసిన చోటు నా గడ్డం కింద వెచ్చగా ఉంది. మనకంటే ముందు ఎందరు ఆనిస్తే అట్ట అంత నున్నబడుతుంది?

బోర్డుని ఎదుటి అంచు మా వైపుకి వచ్చేలా తిప్పాం. రెండో వైపు చెట్టు లేచింది, కొమ్మల్లో గూడు, గూట్లో తెరిచిన నోళ్ళు మూడు. మూడో వైపు కోట గుమ్మం, లోపలికి పోయే మెట్లు, ఆఖరి మెట్టు మీద ఎవరో వదిలేసిన చెప్పులు. ఒక వైపు నుంచి చూస్తే మిగతా మూడూ చారలే. నలుగురు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు, ఎవరి ఎదుట వాళ్ళదే లేస్తుంది, ఎదుటివాడిది పిచ్చిగీతలా కనిపిస్తుంది.

నాలుగో వైపు తిప్పాం. బాగా అరిగిన అంచు అదే. ఏదో కదిలింది గానీ లేవలేదు, పగిలిన అద్దంలో చూసినట్టుంది. అత్త వేలితో తడిమింది. "చెమ్మ తగిలి ఉబ్బింది. అట్టలు అదిమే మర కింద రెండు రోజులు పెడితే దిగుతుంది."

అప్పుడే తొందరయ్య వచ్చాడు. నేను పెట్టె మీద కూర్చుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "బావా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. దీన్ని కొయ్యడం లేదు."

విషయం చెప్పాం, కూర్చోబెట్టి చూపించాం. వాడు చూశాడు, చెట్టు వైపు నుంచి. చాలాసేపు లేవలేదు. వాడి విషయంలో అది గొప్పే. తరవాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "బాగుంది, కాదనను. కానీ మాట ఇచ్చింది నేను. ఆయన నలభై ఎనిమిది ఫ్రేములు గోడలకి తగిలించుకుని కూర్చున్నాడు. ఈ ఊళ్ళో మన మాట మీద సరుకు ముందే ఇచ్చేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలీదా? గురువారం వట్టి చేతులతో వెళితే శుక్రవారం నుంచి ఒక్కడూ ఇవ్వడు."

వాడు చెప్పింది నిజం. నా వ్యాపారంలో సగం మాట మీదే నడుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, నాకు నుయ్యి యాభై ఏడో గడిలో ఎర్రగా కనిపిస్తూనే ఉంది.

"కొయ్యడానికైనా చదును కావాలి కదా," అంది అత్త తాపీగా. "బుధవారం దాకా మర కింద ఉంటుంది. అప్పుడు చూద్దాం."

"పెద్దమ్మా, నువ్వు మెలిక పెడుతున్నావు."

"మెలికే. వెళ్ళి టీ తాగిరా, తొందరయ్యా."

ఆ రెండు రోజులూ నేను కొట్లో ఉన్న అరలన్నీ తిరగేశాను. వెన్ను ఊడిపోయిన పుస్తకాల్లోంచి విడిపోయిన బొమ్మలు, విత్తనాల పొట్లాల చీటీలు, పడవల పటాలు. ముప్ఫై నాలుగు తేలాయి. ఇంకా పద్నాలుగు కావాలి. ఇంట్లో నా మంచం పక్కన పిట్టల బొమ్మలు ఒక కట్ట ఉంది. అవి అమ్మనని ఇరవై ఏళ్ళ కిందట నాకు నేనే మాటిచ్చుకున్నాను. లెక్కపెట్టాను. పదహారు. కట్ట సంచిలో పెట్టుకుని కొట్టుకి తెచ్చాను. నాకిచ్చుకున్న మాట తప్పితే నన్ను నిలదీసేవాడు నేనొక్కడినే, వాడితో బేరం కుదుర్చుకోగలను.

బుధవారం మధ్యాహ్నం లాడ్జీ ఆయన తనే వచ్చాడు. భారీ మనిషి, నెమ్మదస్తుడు, కానీ మాట తప్పనివ్వడు. కుర్చీలో కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, బల్ల మీద బోర్డు చూపించాను. ముందు ఆయనకర్థం కాలేదు. నడుం వంచడానికి కాస్త గింజుకున్నాడు. తొందరయ్య ఎదురుగా కూర్చుని, ఇలాగండీ అని గడ్డం ఆనించి చూపించాడు. ఇద్దరూ బల్లకి అటూ ఇటూ గడ్డాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసుకున్నారు.

"ఓడ," అన్నాడు లాడ్జీ ఆయన.

"కాదండీ, చెట్టు."

"చెట్టేంటయ్యా. తెరచాపలు కనపడట్లా?"

"తెరచాపలు ఎక్కడున్నాయండీ, అవి ఆకులు. గూట్లో పిల్లలు కూడా ఉన్నాయి."

"నాకు నీళ్ళ మీద గూడు కట్టే పిట్టలు తెలీవు బాబూ."

అత్త నవ్వాపుకోలేక దగ్గింది. చివరికి ఇద్దరూ చోట్లు మార్చుకుని చూసుకున్నారు. లాడ్జీ ఆయన మాత్రం తిరిగి ఓడ దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. కాసేపు దాన్ని చూసి, నిటారుగా అయ్యాడు.

"చాలా బాగుంది షావుకారుగారూ. ఇలాంటిది నేను చూళ్ళేదు. మరి నా బొమ్మలు?"

సంచి విప్పి పటాలు, పిట్టలు పరిచాను. వాటిని చూశాడు, పక్కకి జరిపాడు.

"ఇవి రకరకాలు. నేనడిగింది ఒకే చేతి పని. గదికో గడి, లాడ్జీ అంతా కలిసి ఒక ఆటగా ఉండాలని. మీవాడు సరేనన్నాడు. మాటంటే మాటే కదా."

తొందరయ్య నేల చూపులు చూశాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు, అదీ నా ఇబ్బంది. ఎదుటివాడు తప్పు మాట్లాడితే బేరం ఆడగలను, న్యాయం మాట్లాడితే నాకు చేతకాదు.

అత్త పీట మీంచి లేచింది. బోర్డుని పట్టుకుని మెల్లిగా తిప్పి, బాగా అరిగిన నాలుగో అంచు ఆయన ముందుకి తెచ్చింది.

"ఈ వైపు ఇంతవరకూ ఎవరం చూళ్ళేదు బాబూ. పొద్దునే మర కిందనుంచి తీశాను. మీ సరుకు కాబట్టి ముందు మీరే చూడండి. తరవాత కత్తి ఇదిగో, ఎక్కడ కొయ్యాలో మీరే చెప్పండి."

ఆవిడ అది బేరంగా చేసిందో, మర్యాదగా చేసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆయన వంగాడు. కన్ను మూశాడు. కిటికీ వెలుతురు బల్ల మీద అడ్డంగా పడుతోంది. మేం ముగ్గురం ఆయన మొహమే చూస్తున్నాం. కాసేపటికి, బల్ల మీద ఆనించి ఉన్న తన కుడిచేతిని నెమ్మదిగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరి పనికో అడ్డుగా ఉన్నానని తెలిసినప్పుడు తీసుకున్నట్టు.

"ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"చెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరిదో చెయ్యి. పని చేస్తోంది."

ఆయన జరిగాక నేను కూర్చున్నాను. కాగితంలోంచి మణికట్టు దాకా చెయ్యి లేచి ఉంది. వేళ్ళ మధ్య రాగిరేకు చెక్కే ఉలి. బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. చూపుడువేలి మీద ఉలి పిడి రాసుకుని కాసిన కాయ. ఉలి మొన అరవై మూడో గడి అంచుకి తాకి ఉంది, సరిగ్గా గీత కలవని ఆ గింజంత ఖాళీ దగ్గర. నేను లోపం కింద రాసుకున్న ఖాళీ. ఆఖరి గీత ఇంకా గీస్తూనే ఉన్నాడు. రెండొందల ఏళ్ళో, ఇంకా ఎక్కువో, ఎవరు గడ్డం ఆనిస్తే వాళ్ళ ఎదుట ఆ చెయ్యి లేచి, ఇదిగో అయిపోవచ్చింది, ఒక్క క్షణం ఆగండి అంటోంది.

"ఎడం చెయ్యే," అన్నాను చివరికి, ఏదో ఒకటి అనాలని.

"రేకు మీద కుడిదే అయ్యుంటుంది," అంది అత్త. "అచ్చులో తిరగబడుతుంది కదరా. తన చేతినే చూస్తూ చెక్కుకున్నాడు. చెక్కే చేతినే."

తొందరయ్య కూర్చుని చూశాడు. అత్త మళ్ళీ చూసింది. లాడ్జీ ఆయన పక్కకి నెట్టిన పిట్టల బొమ్మల్ని దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే చూడడం మొదలెట్టాడు.

"సరే. రకరకాలే పెట్టండి," అన్నాడు. "కానీ గురువారానికే."

"గురువారానికే."

ఆయన ఇంకా కుర్చీలోంచి లేవలేదు. బోర్డు వైపు చూసి, అడగాలా వద్దా అన్నట్టు ఆగి, అడిగాడు. "దీని ధరెంత చెబుతారు?"

"కూర్చుని అడుగుతున్నారు. నిలబడి అడగండి, చెబుతాను."

లేచాడు. నిలబడి చూశాడు. జానెడేసి చారలు నాలుగు, మాసిన అంచులు, కలవని గీత. చాలాసేపు అలాగే చూసి, నా వైపు తిరిగి నవ్వాడు. ధర మళ్ళీ అడగలేదు. అడిగినా చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.

గురువారం నలభై ఎనిమిది ఫ్రేములూ నిండాయి. నా పిట్టలు పద్నాలుగు గదుల్లో ఉన్నాయి, రెండు మిగిలాయి. బోర్డు కిటికీ కింద బల్ల మీదే ఉంది. చుట్టూ నాలుగు కుర్చీలు, ఎత్తు తగ్గించి కాళ్ళు కోయించినవి. అవి కోస్తుంటే మాత్రం తొందరయ్య అడ్డం చెప్పలేదు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేముందు, ఓడ ఎదుట కూర్చుని, నన్ను సోమవారం నుంచి తొలుస్తున్న లెక్క అత్తని అడిగాను.

"మనం కోసిన పదకొండింటి నడిమి ముక్కలు ఎక్కడున్నాయత్తా?"

"ఫ్రేముల వెనక. ఊరంతా ఉన్నాయి, గోడల వైపు మొహం పెట్టుకుని."

"వాటిల్లోనూ ఏమైనా ఉండేదంటావా?"

అత్త కత్తిని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టింది. సొరుగు మూసింది.

"ఏమోరా," అంది. "నిలబడే చూశాంగా."